సంతాన సాఫల్య చికిత్స: సంతకానికి ముందే తెలియాల్సిన చట్టం

సంతానం కోసం వైద్య చికిత్సకు వెళ్లే దంపతులకు మన దేశంలో ప్రత్యేక చట్టం అంటూ ఏర్పడింది ఇటీవలే. అసిస్టెడ్ రిప్రొడక్టివ్ టెక్నాలజీ (ఏఆర్‌టీ) నియంత్రణ చట్టం–2021, సరోగసీ నియంత్రణ చట్టం–2021 రెండూ 2022 జనవరి 25న అమల్లోకి వచ్చాయి. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టింది 1978 అక్టోబరు 3న. అంటే నలభై ఏళ్లకు పైగా ఈ వైద్యం చట్టం లేకుండానే నడిచింది. 2005లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు వచ్చినా వాటిని మీరినవారిని శిక్షించే కోరలు వాటికి లేవు. ఆనాటి అలవాట్లు కొన్ని కేంద్రాల్లో ఇంకా పోలేదు కాబట్టే కొత్త చట్టంలో ఏముందో పేషెంట్లకు తెలియడం అవసరం.

ఏడాదిపాటు గర్భనిరోధక పద్ధతులేవీ వాడకుండా కాపురం చేసినా గర్భం రాకపోతే, లేదా గర్భధారణకు అడ్డుపడే వైద్య కారణం రుజువైతే ఏఆర్‌టీ చట్టం దాన్ని సంతానలేమిగా లెక్కిస్తుంది. ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం), ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేయడం), ఇక్సీ (అండంలోకి ఒక్క వీర్యకణాన్ని ఎక్కించడం) వంటి చికిత్సలు దీని పరిధిలోకి వస్తాయి. స్త్రీ వయసు 21 దాటి 50 లోపు, పురుషుడి వయసు 21 దాటి 55 లోపు ఉంటేనే ఈ సేవలు అందించాలి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన మహిళ ఐవీఎఫ్ ద్వారా కవలలను కన్న వార్త దేశమంతా చర్చకు వచ్చింది. అప్పట్లో ఆ చికిత్సను అడ్డుకునే చట్టం లేదు. ఇప్పుడు అదే పని చేసే క్లినిక్ చట్టాన్ని మీరినట్టే. పెళ్లికాని స్త్రీ, వితంతువు, విడాకులు పొందిన స్త్రీ కూడా ఒంటరిగా ఏఆర్‌టీ చికిత్స పొందవచ్చు. ఒంటరి పురుషుడికి, పెళ్లి లేకుండా కలిసి ఉండే జంటకు మాత్రం జంటగా ఆ అవకాశం ఇవ్వలేదు.

రిజిస్ట్రేషన్ లేని కేంద్రం ఈ చికిత్స చేయకూడదు. ఐయూఐ వరకే పరిమితమయ్యే క్లినిక్‌లు మొదటి స్థాయిలో, ఐవీఎఫ్ చేసేవి రెండో స్థాయిలో నమోదవుతాయి. మొదటి స్థాయి సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని ఐవీఎఫ్ చేయడం నిబంధనలకు విరుద్ధం. రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు. అందుకే సర్టిఫికెట్ ఉందా అని అడిగి ఊరుకోకుండా ఏ స్థాయిది, ఏ చిరునామాకు ఇచ్చింది, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్న మూడూ చూడాలి. నమోదైన కేంద్రాల వివరాలు కేంద్ర ప్రభుత్వ ఏఆర్‌టీ–సరోగసీ పోర్టల్‌లో దొరుకుతాయి. రంగురంగుల హోర్డింగ్ చూసి వెళ్లేవారు పోర్టల్ చూసి వెళ్లేవారికంటే ఎక్కువ కావడమే మన దగ్గరి చిక్కు.

మొత్తం వ్యవహారానికి కీలకం సమ్మతి పత్రం. క్లినిక్‌లో నర్సు ఓ కాగితాల కట్ట తెచ్చి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన చోటల్లా సంతకాలు చేయమంటుంది. చాలామంది దాన్ని ఆస్పత్రి తన రక్షణ కోసం రాయించుకునే కాగితంగానే చూస్తారు. చట్టం దృష్టిలో అది మొదట పేషెంట్ చేతిలోని ఆయుధం. చికిత్సలో భాగమయ్యే వారందరి రాతపూర్వక సమ్మతి లేకుండా క్లినిక్ ఏ ప్రక్రియా మొదలుపెట్టకూడదు. సంతకం తీసుకునేలోపే కౌన్సెలింగ్ ఇవ్వాలి. చికిత్స ఫలించే అవకాశం ఎంత, లాభనష్టాలేమిటి, దుష్ప్రభావాలేమిటి, కవలలో అంతకన్నా ఎక్కువ మందో కడుపున పడే ముప్పు ఉందా, ఖర్చెంత అన్నవి చెప్పడం క్లినిక్ బాధ్యత. ఇది మర్యాద కోసం చేసే పని కాదు, చట్టం రాసిపెట్టిన విధి.

సమ్మతి అంటే ఏమిటో సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. రక్తస్రావం సమస్యతో వచ్చిన 44 ఏళ్ల అవివాహిత లాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదనీ, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం లేనప్పుడు, నిర్ణయం తీసుకోగల వయోజనురాలి బదులు తల్లి ఒప్పుకున్నా చెల్లదనీ కోర్టు చెప్పింది. సంతాన చికిత్సకు ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది. ఐవీఎఫ్‌కు ఒప్పుకున్నంత మాత్రాన దాత అండం వాడటానికి ఒప్పుకున్నట్టు కాదు. భార్య బదులు భర్తో అత్తగారో చేసే సంతకం సమ్మతి కాదు. ఇంగ్లిష్ రాని వ్యక్తి చేత చదివి వినిపించకుండా ఇంగ్లిష్ ఫారంపై పెట్టించిన సంతకం ఎంతవరకు నిజమైన సమ్మతి అన్నదీ కోర్టులో నిలదీయదగ్గ ప్రశ్నే. పత్రం తెలుగులో అడగడం, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామనడం, నకలు తీసుకోవడం మొహమాటపడాల్సిన విషయాలు కావు. పిండాన్ని గర్భాశయంలోకి పంపేలోపు ఎప్పుడైనా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు దంపతులకు ఉంది.

అండం, వీర్యం, పిండం ఫ్రీజ్ చేయించేటప్పుడు మరో కాగితం ఉంటుంది. దంపతుల్లో ఒకరు చనిపోయినా, నిర్ణయం తీసుకోలేని స్థితికి చేరినా నిల్వ చేసినవాటిని ఏం చేయాలో ముందే రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. ఆ సూచనలు లేకుండా క్లినిక్ నిల్వ చేయకూడదు. విడాకులైతే ఏం చేయాలన్నదీ అందులోనే రాసుకోవడం మంచిది. పెళ్లినాటి ఫొటోలు గోడ మీదుండగా ఆ మాట అనడానికి నోరు రాదు గానీ, తగాదా వచ్చాక రాసుకునే వీలుండదు. దాత బీజకణాలకూ పిండాలకూ నిల్వ గడువు గరిష్ఠంగా పదేళ్లు. ఆ తర్వాత వాటిని నశించిపోనివ్వాలి లేదా దంపతుల సమ్మతితో రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో, క్యాన్సర్ చికిత్సకు ముందు వీర్యం దాచుకున్న అవివాహిత యువకుడు చనిపోగా, తల్లిదండ్రులు దాన్ని కోరారు. ఆస్పత్రి కాదంది. మృతుడి సమ్మతి నిరూపితమైతే మరణానంతర సంతానాన్ని నిషేధించే చట్టమేదీ లేదంటూ కోర్టు దాన్ని వారికి అప్పగించమంది. మరణం తర్వాత ఏం చేయాలో ముందే రాసి ఉంటే ఆ కుటుంబం అంత దూరం వెళ్లాల్సి వచ్చేది కాదేమో.

దాత అవసరమైనప్పుడు క్లినిక్ నేరుగా ఎవరినీ పట్టుకురాకూడదు. రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ద్వారానే అండం, వీర్యం రావాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు జరగాలి. అండదాత వయసు 23–35, వీర్యదాత వయసు 21–55 మధ్య ఉండాలి. ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే, అదీ ఏడు అండాలకు మించకుండా దానం చేయాలి. ఆమె పేరిట పన్నెండు నెలల ఆరోగ్య బీమా తీయించే బాధ్యత చికిత్స పొందేవారిదే. ఒక దాత బీజకణాలు ఒక్క జంటకే వాడాలి. ఏజెంట్లతో దాతలను సంపాదించడం, అండాల అమ్మకం నేరాలు: మొదటిసారి 5 లక్షల నుంచి 10 లక్షల వరకు జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు. మగబిడ్డే పుట్టేలా చేస్తామనడం ఇంకా పెద్ద నేరం. పిండానికి జన్యు పరీక్ష వంశపారంపర్య వ్యాధులు పసిగట్టడానికే తప్ప ఆడామగా తేల్చుకోవడానికి కాదు.

ఇలా పుట్టిన బిడ్డ చట్టరీత్యా ఆ దంపతుల సొంత బిడ్డే. ఆస్తిలోనూ వారసత్వంలోనూ సహజంగా పుట్టిన సంతానానికి ఉన్న హక్కులన్నీ ఉంటాయి. దాతకు బిడ్డపై ఏ హక్కూ ఉండదు.

2025 జులైలో సికింద్రాబాద్‌లో పోలీసులు బయటపెట్టిన కేసు తెలుగు రాష్ట్రాలను కుదిపేసింది. సరోగసీ ద్వారా పుట్టాడని చెప్పి అప్పగించిన శిశువు డీఎన్‌ఏ దంపతులతో కలవలేదు. వేరే పేద కుటుంబం నుంచి తెచ్చిన బిడ్డను ఇచ్చారన్నది పోలీసుల ఆరోపణ. సరోగసీ చట్టం పెట్టిన కాగితాల దారి తెలిసి ఉంటే ఇలాంటి మోసాన్ని మొదట్లోనే అనుమానించవచ్చు. సరోగసీ అవసరమని వైద్య బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. బిడ్డ తల్లిదండ్రులెవరో, ఎవరి సంరక్షణలో ఉండాలో తేల్చే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు ముందే రావాలి. గర్భం మోసే స్త్రీకి 36 నెలల బీమా తీయాలి. వైద్య ఖర్చులు, బీమా తప్ప ఆమెకు డబ్బు ముట్టజెప్పకూడదు. వీటిలో ఏదీ లేకుండా ‘అంతా మేమే చూసుకుంటాం’ అనే కేంద్రం దగ్గర ఆగకపోవడమే మేలు. డబ్బిచ్చి అద్దె గర్భం కోరిన దంపతులకూ ఐదేళ్ల వరకు జైలు తప్పదు.

డబ్బు విషయానికొస్తే, ప్యాకేజీ అన్న మాట వెనకే తగాదాలు పుడతాయి. ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్, మళ్లీ పిండం పెట్టే ఖర్చు అందులో ఉన్నాయా లేదా అన్నది రాతలో తీసుకోవాలి. నోటితో చెప్పిన గ్యారంటీ బిల్లు మీద కనిపించదు. చికిత్స విఫలమైనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు, ఐవీఎఫ్‌లో వైఫల్యం మామూలే. కానీ శాంపిల్ మారిపోవడం, చెప్పకుండా దాత అండం వాడటం, తప్పుడు హామీతో డబ్బు గుంజడం సేవాలోపాలే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే వీపీ శాంత కేసులో చెప్పింది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. హైదరాబాద్‌లో చికిత్స పొందిన ఖమ్మం దంపతులు ఖమ్మంలోనే కేసు వేయవచ్చు. సలహాకు 1915 హెల్ప్‌లైన్ ఉంది.

ఏ కేసుకైనా రికార్డులే ఆధారం. పేషెంట్ కోరితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. చేసిన ప్రక్రియ వివరాలతో డిశ్చార్జి పత్రం ఇవ్వాలనీ, రికార్డులను పదేళ్లు భద్రపరచాలనీ ఏఆర్‌టీ చట్టం చెబుతోంది. ప్రతి క్లినిక్‌లోనూ ఫిర్యాదుల విభాగం ఉండాలి. అక్కడ తేలకపోతే రిజిస్ట్రేషన్ ఇచ్చే రాష్ట్ర అధికార సంస్థకు రాయాలి. విచారించి రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం దానిదే. ఏఆర్‌టీ చట్టం కింద నేరాన్ని విచారణకు స్వీకరించాలంటే జాతీయ, రాష్ట్ర బోర్డులు లేదా వాటి అధీకృత అధికారి ఫిర్యాదు ఉండాలి. అందుకని బాధితులు రాష్ట్ర అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి అందినట్టు రసీదు తీసుకోవాలి. డాక్టర్ ప్రవర్తనపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, మోసంపై పోలీసులకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు.

ఆస్పత్రి బయట కూడా చట్టం కొంత తోడుంటుంది. పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని సూటిపోటి మాటలనడం, ‘గొడ్రాలు’ అని అవమానించడం 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం హింసే. ఆ చట్టం సంతానం లేదన్న అవమానాన్ని పేరుపెట్టి మరీ చెప్పింది. హిందూ వివాహ చట్టంలో సంతానలేమి విడాకులకు కారణం కాదు. నపుంసకత్వం వేరు, సంతానం కలగకపోవడం వేరు. విడాకులు లేకుండా మరో పెళ్లి చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం.

ఉద్యోగినికి ఐవీఎఫ్ కోసం ఆస్పత్రి చుట్టూ తిరగడానికి ప్రత్యేక సెలవు కార్మిక చట్టాల్లో లేదు. గర్భం నిలిస్తే మిగతావారిలాగే అప్పటికే ఇద్దరు పిల్లలు ఉంటే తప్ప 26 వారాల వేతన సెలవు వస్తుంది, గర్భస్రావమైతే ఆరు వారాలు. ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటిలో సంతానలేమి చికిత్స మినహాయింపుల జాబితాలో 17వ కోడ్ కింద కనిపిస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ పేజీ చూడాలి.

వీటిలో దేనికైనా లాయర్ సాయం కావాలంటే ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇచ్చినా, 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది.