కారుకు తోక: అలంకారమా? ప్రయోజనమా?

గత సంవత్సరము ద్వితీయ సంవత్సర విద్యార్థి యొకడు తరగతి ముగిసిన పిదప మా వద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసినాడు. పెద్దపంజాణిలో అతని తండ్రి ఒక పాత కారును బాడుగకు నడుపుచున్నారు. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె ఆసుపత్రులకు, పెండ్లిండ్లకు, అప్పుడప్పుడు బెంగుళూరు విమానాశ్రయమునకు ఆ కారు పోయి వచ్చుచుండును. నగరములోని ఒక అంగడిలో కారు వెనుక డిక్కీపై బిగించు రెక్క నొకదానిని చూపి, దీనిని పెట్టించినచో బండి రోడ్డును గట్టిగా పట్టుకొనుననియు, లీటరుకు రెండు కిలోమీటర్లు అదనముగా వచ్చుననియు చెప్పినారట. ధర ఆరు వేల రూపాయలు. "కొనమంటారా సార్?" అన్నది అతని ప్రశ్న.

మేము బోధించునది తెలుగు. కావ్యమునకు అలంకారము శోభ నిచ్చునా, బరువగునా అన్న చర్చ మాకు నిత్యము ఉన్నదే. ఏ అలంకారమైనను ఉచితమైన చోట ఉన్ననే అలంకార మగునని పదకొండవ శతాబ్దమున కాశ్మీరమందలి క్షేమేంద్రుడు ఔచిత్య సిద్ధాంతమును ప్రతిపాదించెను. కారు తోకకు కూడ ఈ సూత్రము వర్తించునా అని భౌతికశాస్త్ర శాఖ మిత్రులతో కూర్చుండి విచారించితిమి. ఆ విచారణ ఫలితమే ఈ వ్యాసము.

గాలి చేయు పని

నడుచు కారు కిటికీలో నుండి అరచేతిని కొంచెము బయట పెట్టిన అనుభవము అందరికి చిన్ననాడు ఉండియే యుండును. (ఇప్పుడు ఎవరును చేయరాదు.) కారు మెల్లగా పోవునపుడు గాలి చేతిని నిమురును, వేగము హెచ్చినపుడు చేతిని వెనుకకు త్రోయును. చేతిని కొద్దిగా ఏటవాలుగా త్రిప్పిన పైకి గాని, క్రిందికి గాని లాగును. వాయుగతి శాస్త్రము లోని రెండు ముఖ్య విషయములు ఇందులోనే ఉన్నవి. వెనుకకు త్రోయునది నిరోధము. పైకి లాగునది ఉత్థాపక బలము. విమానపు రెక్క ఆ రెండవ బలముతో విమానమును లేపును. కారుపై పెట్టు రెక్క దానికి తలక్రిందులుగా పనిచేసి కారును నేలకు అదుమవలెను.

గాలి నిరోధము నాలుగు అంశముల మీద ఆధారపడును: గాలి సాంద్రత, బండి ముందు వైపు వైశాల్యము, ఆకారమును తెలుపు నిరోధ గుణకము, వేగము యొక్క వర్గము. ఈ కడపటి మాటను విద్యార్థులు మరువరాదు. వేగము రెట్టింపైన నిరోధము నాలుగు రెట్లగును. ఆ నిరోధమును జయించుటకు ఇంజను వెచ్చించవలసిన సామర్థ్యము ఎనిమిది రెట్లగును.

ఒక చిన్న లెక్క

మన ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చటి గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.1 కిలోగ్రాములని తీసికొందము. ఒక చిన్న కారు ముందు వైశాల్యము 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకము 0.35, మనుషులతో కలిపి బరువు 1000 కిలోలు అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము సుమారు 47 న్యూటన్లు. అనగా ఐదు కిలోల బరువుకు కొంచెము తక్కువ. అదే సమయమున టైర్లు రోడ్డుపై దొర్లుటలో కలుగు నిరోధము సుమారు 127 న్యూటన్లు. అనగా పదమూడు కిలోలు. 40 వద్ద టైర్లదే పెత్తనము. వేగము 80 అయినపుడు గాలి నిరోధము 190 న్యూటన్లకు పెరిగి టైర్లను మించును. 120 వద్ద అది సుమారు 430 న్యూటన్లు. ఈ అంకెలు కారును బట్టి కొంత మారును గాని, వాటి నడక మారదు.

ఇప్పుడు అంగడివారి మాటను పరీక్షింతము. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చు కారు 17 ఇవ్వవలెనన్న ఇంధన వ్యయము నూటికి 12 వంతులు తగ్గవలెను. మన లెక్క ప్రకారము 80 వేగమున ఇది జరుగుటకు గాలి నిరోధము ఐదవ వంతు తగ్గవలెను. పుంగనూరు రోడ్డుపై ఎద్దుల బండ్లను, గొర్రెల మందలను తప్పించుకొనుచు 40 వేగముతో పోవు కారుకు అది దాదాపు సగము తగ్గవలెను. డిక్కీపై బిగించిన ఒక పలక ఇంతటి పని చేయజాలదు. పైగా నిలువుగా లేచిన పెద్ద రెక్క నిరోధమును తగ్గించుటకు మారుగా పెంచుటయే తరచు జరుగును.

"బండి రోడ్డును పట్టుకొనును" అన్న మాట మిగిలినది. ఒక మంచి రెక్క వలన కారు ఉత్థాపక గుణకము 0.1 తగ్గినదనుకొందము. 80 వేగమున అది కారుపై కలిగించు అదుము సుమారు 54 న్యూటన్లు. అనగా ఐదున్నర కిలోలు. మదనపల్లె మార్కెట్టులో ఒక టమోటా పెట్టె బరువులో నాలుగవ వంతైనను లేదు! 40 వేగమున కిలోన్నర కూడ లేదు. డిక్కీలో ఒక పుస్తకాల సంచి పెట్టుకొన్నను అంత బరువు పడును.

రెక్క నిజముగా పనిచేయు చోటు

అట్లని రెక్కలన్నియు మోసమని చెప్పరాదు. అదే రెక్క 200 వేగమున 35 కిలోల బలముతో అదుమును. పందెపు కార్లలో రెక్కలు, అడుగు భాగపు ఆకృతి కలిసి అతివేగమున కారు బరువును మించిన అదుమును కూడ కలిగించగలవు. మలుపులలో టైర్లు జారకుండుటకు అదియే కారణము. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందినాడు. ఆ కార్ల గరిష్ఠ వేగము గంటకు 320 కిలోమీటర్లకు పైబడినదని నిర్వాహకులు ప్రకటించియున్నారు. అట్టి కార్లలో ప్రతి అంచును వాయుగతి శాస్త్రజ్ఞులు తీర్చిదిద్దుదురు. ఆ చిత్రములను చూచి మన బాడుగ కారుకు తోక కట్టుట, పట్టపుటేనుగు అంబారీని గాడిదపై వేయుట వంటిది.

రోడ్డు కార్లలోను రెక్క అవసరమైన సందర్భములు గలవు. 1972లో పోర్షె సంస్థ తన 911 కారెరా ఆర్‌ఎస్ కారుకు బాతు తోక వంటి అంచును అమర్చినది. వేగమున కారు వెనుక భాగము తేలికగా లేచుట దానితో చాల తగ్గినది. 1998లో వచ్చిన ఆడి టీటీ అను అందమైన కారు మొదట వెనుక అంచు లేకుండనే విడుదలైనది. జర్మనీ రహదారులపై అతివేగమున కొన్ని ఘోర ప్రమాదములు జరిగిన పిదప ఆ సంస్థ 2000లో కార్లను వెనుకకు పిలిపించి చిన్న స్పాయిలరును అమర్చి, సస్పెన్షన్‌ను మార్చినది. ఇచ్చట తోక ప్రాణావసరము. కాని అది ఆ కారుకే, ఆ వేగమునకే, పరీక్షించి చేసిన తోక.

తొమ్మిదవ శతాబ్దమున కార్డోవా నగరమందు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకొని ఎగిరెననియు, పక్షి దిగునపుడు తోకను వాడునన్న సంగతి మరచి తోక అమర్చుకొనక దిగునపుడు గాయపడెననియు పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. పక్షికి తోక అందము కొరకు గాక దిగుట కొరకు ఉన్నది. కావున తోకను చూచినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఇది ఏ పనికి?

టమోటా లారీ చెప్పు పాఠము

మదనపల్లె నుండి టమోటా లారీలు రేయింబవళ్ళు దూర నగరములకు పోవుచుండును. రోడ్డు ప్రక్కన సైకిలుపై పోవు వానిని ఆ లారీ దాటునపుడు ముందు ఒక గాలి దెబ్బ బయటికి త్రోయును. మరుక్షణము దుమ్ముతో కూడిన గాలి లోనికి లాగును. మన పిల్లలందరికి తెలిసిన ఈ అనుభవమే అమెరికాలో ఒక పరిశోధనకు మూలమైనది. నాసా వారి డ్రైడెన్ కేంద్రములో పనిచేయు ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అను ఇంజనీరు సైకిలుపై పోవునపుడు లారీల గాలి దెబ్బ తిని, ఈ శక్తి అంతయు వృథా అగుచున్నది గదా అని ఆలోచించినాడు. 1970ల దశకములో ఆయన బృందము ఒక వ్యానునకు చుట్టును అల్యూమినియము రేకులు బిగించి, దానిని చెప్పుల పెట్టె వంటి ఆకారమునకు మార్చి పరీక్షించినది. ముందు అంచులను గుండ్రముగా చేయుటతోనే గాలి నిరోధము సగమునకు పైగా తగ్గినది. నేడు పెద్ద లారీల ఆకారములో ఆ పరీక్షల ఫలితము కనబడును.

లారీ క్యాబిను పైన అమర్చు గాలి మళ్ళించు పలక కూడ ఈ జాతికి చెందినదే. వెనుక పెట్టె క్యాబిను కంటె ఎత్తుగా ఉండి, లారీ దూరప్రయాణము సమవేగముతో చేయునపుడు అది ఇంధనమును మిగుల్చును. అయితే పలక ఎత్తు సరకు ఎత్తుతో సరిపడవలెను. సరకు దింపి ఖాళీగా తిరిగి వచ్చు బోడి లారీపై అదే పలక గాలికి అడ్డముగా నిలిచి ఇంధనమును తినును. కప్పిన టార్పాలిను వదులై కొట్టుకొనుచున్నను నష్టమే. తాళ్ళను బిగించి కట్టుటకు ఖర్చు ఏమియు లేదు. ఇచ్చట కూడ ఔచిత్యమే నిర్ణేత.

కలుపుట కంటె తీసివేయుట మేలు

మా విచారణలో తేలిన మరొక సత్యము ఇది. మన కార్లకు క్రొత్తగా తగిలించవలసిన వాటికంటె, ఉన్నవాటిలో తీసివేయదగినవి ఎక్కువ. పైకప్పుపై ఊరక మోయుచున్న క్యారియరు వాటిలో మొదటిది. మొండి ఆకారము గల పెద్ద సామాను పెట్టెను పైకప్పుపై మోసినచో నగరములో నూటికి 2 నుండి 8 వంతులు, రహదారిపై 6 నుండి 17 వంతుల వరకు మైలేజి తగ్గవచ్చునని అమెరికా ఇంధన శాఖ వారి అంచనా. పండుగ ప్రయాణము ముగిసిన వెంటనే క్యారియరును విప్పుట ఏ స్పాయిలరు కంటెను లాభకరము.

ముందు భాగమున బిగించు ఇనుప గార్డు రెండవది. అది బరువు, గాలికి అడ్డు. అంతకు మించి పాదచారికి ప్రాణాంతకము. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వీటిపై చర్య తీసికొనవలెనని రాష్ట్రములను ఆదేశించినది. నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచున్నది. ఆకారము మొదటనే సరిగా ఉన్నచో తగిలింపుల అవసరము తక్కువ. 1921లో జర్మనీలో రుంప్లర్ అను ఇంజనీరు నీటి బిందువు ఆకారమున చేసిన కారును 1979లో గాలి సొరంగములో పరీక్షింపగా నిరోధ గుణకము 0.28 అని తేలినది. ఆ కారుకు రెక్కయు లేదు, తోకయు లేదు!

పరీక్షయే ప్రమాణము

మా లెక్కను కూడ విద్యార్థులు గ్రుడ్డిగా నమ్మవలసిన పని లేదు. ఎవరైనను పరీక్ష చేయవచ్చును. ట్యాంకును అంచు వరకు నింపి, నిర్ణయించిన రోడ్డుపై, నిర్ణయించిన వేగముతో పోయి వచ్చి, అదే బంకులో అదే అంచు వరకు మరల నింపవలెను. పట్టిన ఇంధనమే ఖర్చైన ఇంధనము. తగిలింపు ఉన్నపుడు మూడు మారులు, లేనపుడు మూడు మారులు చేయవలెను. గాలి ఒక వైపు వీచుచుండును, రోడ్డు ఒక వైపు వాలియుండును. కావున పోయి రావలెను. టైర్ల గాలి, కూర్చున్నవారి సంఖ్య, నడుపు మనిషి మారరాదు. ఒక్క ప్రయాణముతో వచ్చిన అంకెను చూపి "రెండు కిలోమీటర్లు పెరిగినది" అనువారు, ఆ దినము వీచిన గాలిని తమ రెక్క ఖాతాలో వ్రాసికొనుచున్నారేమో!

కళాశాల కమిటీ పెద్దలు అనుమతించినచో మా విద్యార్థులే ఇట్టి పరీక్షను అధ్యాపకుల పర్యవేక్షణలో చేసి, ఫలితమును వచ్చే సంచికలో ఉర్దూ, తెలుగు భాగములు రెండింటను ప్రకటింపవచ్చును. గాలి సొరంగములు గల బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ మనకు ఒక పూట ప్రయాణము. ఒక విజ్ఞాన యాత్ర అచ్చటికి జరుగవలెనని మా కోరిక. గంటకు 120 కిలోమీటర్ల వేగమునకు రూపొందించిన బెంగుళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్ మార్గము మన జిల్లా మీదుగానే పోవును. వేగము పెరుగు కొలది గాలి మాట వినక తప్పదు; దానిని చదువుకొన్నవారు మన ఊళ్ళలో ఉండవలెను.

ఇక మొదటి ప్రశ్న. ఈ లెక్క నంతయు నల్లబల్లపై వ్రాసి చూపిన పిదప ఆ విద్యార్థి కొంతసేపు మౌనముగా ఉండి, "అయితే సార్, మా నాయన బండికి టైర్లు అరిగిపోయినాయి" అన్నాడు. మొగిలి ఘాటు మలుపులలో, వాన దినమున, కారును రోడ్డుకు పట్టియుంచునది ఆ నాలుగు టైర్లే. అంగడిలోని రెక్క ఐదున్నర కిలోలు అదుమునేమో గాని, అరిగిన టైరుకు గాడి తెచ్చిపెట్టలేదు. ఆరు వేల రూపాయలు ఎచ్చట వెచ్చింపవలెనో మేము చెప్పవలసిన పని లేకపోయినది.

కారుకు తోక ప్రయోజనమే. వేగమున్నచోట, ఆ కారుకై పరీక్షించి చేసినపుడు. మన రోడ్లపై, మన వేగములలో అది అలంకారము మాత్రమే. అందము కొరకు పెట్టుకొనువారిని మేము తప్పు పట్టము. కాని అందమును అందమని చెప్పి అమ్మవలెను, అందమని తెలిసి కొనవలెను.