మరల మరల పరీక్ష తప్పినవారికి



మన కుటుంబముల ఆడపిల్లలు నర్సు విద్య నభ్యసించి విదేశములకు పోవుట నేడు వింత కాదు. వారిలో కొందరు అమెరికాలో ఉద్యోగము చేయుచునే పైచదువు చదివి, నర్స్ ప్రాక్టీషనర్ అను పదవికి యత్నించుచున్నారు. ఆ చదువు ముగిసిన పిమ్మట వ్రాయవలసిన ధ్రువీకరణ పరీక్షలో ఒకసారి కాక రెండు మూడు సార్లు తప్పినవారి ఇండ్లలో ఏమి జరుగుచున్నదో ఎవరును వ్రాయరు. ఉత్తీర్ణులైనవారి ఫొటోలు మాత్రము మనకు చేరుచున్నవి. ఈ పాఠము తప్పినవారికొరకును, వారి తల్లిదండ్రులకొరకును వ్రాయుచున్నాను.

ముందుగా ఆ పదవి యెట్టిదో తెలిసికొనవలెను. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను పిల్లల వైద్యుడును కలసి ఈ శిక్షణ నారంభించిరి. వైద్యులు చాలని చోట్ల పిల్లలకు చికిత్స అందవలెనని వారి సంకల్పము. నేడు నర్స్ ప్రాక్టీషనర్ తానే రోగిని పరీక్షించును, రక్తపరీక్షలు వ్రాయును, రోగమిదియని నిర్ణయించును, మందు వ్రాయును. డాక్టరుగారు చెప్పినది శ్రద్ధగా చేయుట వేరు, ఏమి చేయవలెనో తానే నిర్ణయించుట వేరు. ఈ భేదమును పాఠకులు మనస్సునం దుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

నా తమ్ముని కుమార్తె టెక్సాస్‌లో పదునొకండేండ్లుగా ఆస్పత్రి నర్సు. రాత్రి డ్యూటీలు చేయుచు, చిన్న పిల్లవానిని పెంచుచు, అప్పు తెచ్చి ఈ పైచదువు పూర్తిచేసినది. కుటుంబ వైద్యమునకు సంబంధించిన ఈ పరీక్షను అమెరికాలో రెండు సంస్థలు జరుపుచున్నవి. ఆమె ఎన్నుకొన్న ఎ.ఎ.ఎన్.పి. వారి పరీక్షలో మూడు గంటలలో 150 ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. అందు 135 మాత్రమే లెక్కకు వచ్చును. తక్కిన 15 రాబోవు పరీక్షలకొరకు పెట్టి చూచు ప్రశ్నలు. అవి యేవో వ్రాయువారికి తెలియదు. 500 వచ్చినచో ఉత్తీర్ణత. ఆమెకు మొదట 462, అదే సంవత్సరము మరల వ్రాయగా 478 వచ్చినవి. అప్పటిదాకా ఆమెకొరకు ఉద్యోగ మాపియుంచిన ఒక క్లినిక్కువారు ఇక వేచియుండలేమని వేరొకరిని తీసికొనిరి.

జహీరాబాదులో మా తమ్ముడు ఈ సంగతి విని, "ఎనిమిది వందలకు నాలుగు వందల డెబ్బై ఎనిమిదంటే సగానికి పైనే గదా, ఎట్లా తప్పింది?" అనెను. ఇచ్చట చాలమంది పెద్దలు పొరబడుదురు. ఆ కొలత 200 మొదలు 800 వరకు ఉండును. అది సరియైన జవాబుల సంఖ్య కాదు, నూటికింత యను లెక్కయు కాదు. ప్రశ్నపత్రముల కష్టసుఖములను సరిచేసి వేసిన కొలబద్ద. 478 అనగా ఇరువదిరెండు ప్రశ్నలు తగ్గినవని అర్థము కాదు. మన పాఠశాల మార్కుల లెక్కతో దానిని చదివినచో అనవసరమైన ఆశయో నిరాశయో కలుగును.

రెండవసారి తప్పిన రాత్రి ఆమె నాకు ఫోను చేసినది. "పెదనాన్నా, నేను నర్సుగా కూడ పనికిరానేమో" అన్నది. నేను ఓదార్చుచు, మన బంధువుల అమ్మాయి యొకతె మొదటిసారియే ఉత్తీర్ణురాలైన సంగతి చెప్పి, నీవును సాధింతువంటిని. ధైర్యము చెప్పితిననుకొంటిని. ఆమె నెలరోజులు ఫోను చేయలేదు. నా తప్పు నాకు ఆలస్యముగా తెలిసినది.

నిజమేమనగా, ఈ పరీక్ష తప్పుటవలన ఆమెకు అంతకుముందే యున్న నర్సు లైసెన్సుకు ఏ హానియు లేదు. పరీక్ష తప్పిన మరునాటి రాత్రియు ఆమె వార్డులో రోగులు ఆమెకొరకే వేచియుండిరి. కాయకములలో హెచ్చుతగ్గులు లేవని బసవేశ్వరుని బోధగా చెప్పుకొను మనము, బిడ్డ పదవి దగ్గరకు వచ్చుసరికి మాత్రము హెచ్చుతగ్గులు చూచుచున్నాము.

ఇక చదువు సంగతి. మొదటిసారి తప్పగానే ఆమె చేసిన పని, అదే పుస్తకమును, అవే పాఠముల రికార్డులను, ఈసారి రోజుకు రెండు గంటలు ఎక్కువగా చదువుట. అది శ్రమయే గాని ఉపాయము కాదు. 2006లో రోడిగర్, కార్పికె అను ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఒకటి కలదు. ఒక పాఠమును మరల మరల చదివినవారు, ఒకసారి చదివి పుస్తకము మూసి జ్ఞాపకమున్నది వ్రాసినవారు అని విద్యార్థులను వేరుచేసి చూచిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినచో మరల చదివినవారే మేలు. వారము గడచిన పిమ్మట పుస్తకము మూసి వ్రాసినవారు మేలు. మరల మరల చదివినవారికే తమకు బాగుగా జ్ఞాపకముండునన్న నమ్మక మెక్కువగా నుండుట ఇందలి విశేషము. చదివినకొలది పాఠము పరిచితమగును. ఆ పరిచయమునే మనము జ్ఞానమని భ్రమపడుదుము.

తప్పినవారికి పరీక్షా సంస్థ ఒక నివేదిక పంపును. రోగిని పరిశీలించుట, రోగనిర్ణయము, చికిత్సా ప్రణాళిక, ఫలితమును సరిచూచుట అను నాలుగు భాగములలో ఎచ్చట బలహీనతయో అందు తెలియును. మొదటి నివేదికను ఆమె కోపముతో చూడనేలేదు. రెండవదానిని నెలరోజుల తరువాత తెరచినది. రోగనిర్ణయములో ఆమె బాగుగనే యున్నది, ప్రణాళికలో పడిపోయినది.

కారణ మామెయే కనుగొన్నది. ఒక ఉదాహరణము చెప్పెదను. ఏ బాధయు లేని నడివయస్సు మనిషి మొదటిసారి క్లినిక్కుకు వచ్చినాడు, బి.పి. 150/94 ఉన్నది, ఇప్పుడేమి చేయవలెను? పదునొకండేండ్లు ఆస్పత్రిలో పనిచేసిన చేయి వెంటనే డాక్టరుకు తెలుపవలెనని పోవును, లేదా మాత్ర ఇచ్చుటకు పోవును. ప్రశ్న కోరునది అది కాదు. ఇంటివద్ద కొలిపించి, మరల చూచి, అది నిజముగా రక్తపోటేనా యని నిర్ధారించుట ముందు చేయవలసిన పని. ఆమె తప్పులలో పెక్కు ఇట్టివే. విషయము తెలియక కాదు, పాత పదవిలో నిలబడి క్రొత్త పదవి ప్రశ్నకు జవాబిచ్చుటవలన తప్పినది. అనుభవము లేనివారికంటె అనుభవజ్ఞులకే ఈ చిక్కు ఎక్కువని నా అభిప్రాయము.

ఆ తరువాత ఆమె పద్ధతి మారినది. రోజునకు ఇరువది ప్రశ్నలే. తప్పిన ప్రతి ప్రశ్నకు నోటుపుస్తకములో ఒక్క వాక్యము వ్రాయవలెను: తెలియక తప్పితినా, ప్రశ్న సరిగా చదువక తప్పితినా, సరియైన జవాబు పెట్టి భయముతో మార్చితినా అని. మరల వ్రాయుటకు ముందు, బలహీనమైన విషయములలో పదునైదు గంటల పాఠములు పూర్తిచేయవలెనని ఆ సంస్థ నియమము. చాలమంది దీనిని జరిమానాగా తలచి సులువైనది ఏదో ముగించుదురు. ఆమె ప్రణాళికకు సంబంధించినవే ఎన్నుకొన్నది. ఒక సంవత్సరములో రెండుసార్లకంటె వ్రాయరాదను నియమము కూడ ఆమెకు మేలే చేసినది. తొందరపడుటకు వీలు లేకపోయినది. రెండవ సంస్థ పరీక్షకు మారుదునా యని కొంతకాల మూగిసలాడినది. అందు పరిశోధన, ఆరోగ్య విధానము వంటి విషయములు అధికముగా నుండును. అవి తనకు అనుకూలమైనవారు మారవచ్చును గాని, పారిపోవుటకై మారుట వ్యర్థము.

నిద్ర సంగతి తల్లులు గమనింపవలెను. రాత్రి డ్యూటీ చేసి, పగలు పిల్లవానిని చూచుకొని, మిగిలిన గంటలలో చదివిన చదువు నిలువదు. ఆమె భర్త పిల్లవాని పని తాను తీసికొనెను. నిద్రాహారములు వారములతరబడి చెడినను, బ్రతుకుట దేనికన్న మాట నోట వచ్చినను, అది పరీక్ష సంగతి కాదు, వైద్యుని చూడవలసిన సంగతి. అమెరికాలో 988, మన దేశములో 14416 అను ఫోను నెంబర్లు 2022 నుండి ఇందుకే యున్నవి. పరువు పోవునని ఆలస్యము చేయరాదు.

మా మరదలు చదువుకొన్నది తక్కువ. అయినను మాలో నెవరికిని తోచనిది ఆమెకు తోచినది. ఆదివారపు ఫోనులో పరీక్ష మాట ఎత్తుట మానినది. పెరటిలోని చిక్కుడు పాదు, మనుమని పండ్లు, జొన్నరొట్టె, ఇవే మాటలు. తొలుత అమ్మాయి ముక్తసరిగా మాట్లాడెడిది. రెండు నెలలకు తానే, "అమ్మా, ఇవాళ ఇరవైలో పదహారు వచ్చినై" అన్నదట.

ఇది వ్రాయునాటికి ఆమె మూడవసారి పరీక్షకు పోలేదు. తేదీ నిర్ణయమైనదని ఆమె భర్త మాత్రము చెప్పెను. ఏ తేదీయో నే నడుగలేదు.