వెండిలో ఫిరోజా: తూకానికి అందని బేరం

రాయి పొదిగిన వెండి నగ బేరానికి వచ్చినప్పుడు కొత్త దళారి చేసే మొదటి పొరపాటు, మొత్తం తూకాన్ని టంచుతో గుణించడం. పతకం 30 గ్రాములు తూగింది, వెనుక 925 ముద్ర వున్నది అనుకుందాం. మేలిమి 27.75 గ్రాములని లెక్క కడతాడు. కాని అందులో రాయి 40 క్యారెట్లు, అనగా 8 గ్రాములు. మిగిలిన 22 గ్రాములలో మేలిమి 20.35 గ్రాములే. 2025 అక్టోబరులో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. అటువంటి ధరలో 7.40 గ్రాముల తేడా విడిచిపెట్టదగినది కాదు.

రాతి బరువు తీసివేసినంత మాత్రాన బేరం తేలదు. అమెరికాలోని ఆరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల నగలే ఇందుకు మంచి ఉదాహరణ. మన కరీంనగరం వెండి తీగపనిలో విలువ పనితనంలో వుంటుంది. అక్కడి సరకులో చాలా భాగం ఫిరోజా రాతిలో వుంటుంది.

నవాహో తెగవారు 19వ శతాబ్దం రెండో సగంలో మెక్సికన్ కంసాలుల వద్ద వెండిపని నేర్చారు. మొదట్లో వెండి నాణేలే కరిగించి నగలు చేసేవారు. ఫిరోజా పొదగడం 1880 ప్రాంతంలో మొదలైంది. ఈనాటికీ వారి నగలో వెండి దళసరి, రాయి పెద్దది. పక్కనే వున్న జూనీవారిది వేరే పద్ధతి: సన్నని రాళ్లను వరుసలుగా కూర్చడం, వెండి గళ్లలో రంగురాళ్లు చెక్కి అతకడం. వెండి పెరిగితే దెబ్బ ముందుగా నవాహో సరకుకే తగులుతుంది. హోపీ తెగకు చెందిన చార్లెస్ లొలోమా (1921–1991) ఉంగరం లోపలివైపు కూడా రాళ్లు పొదిగాడు. వేలికి తప్ప ఎవరికీ కనపడని రాయికి కూడా కొనేవాడు ధర ఇచ్చాడన్నమాట! నేటి డిజైనర్లలో అనేకులపై ఆయన ప్రభావం వున్నది.

ఇక రాయి. ఫిరోజా రాగి, అల్యూమినియం కలిసిన ఫాస్ఫేటు. మెత్తనిది, సన్న రంధ్రాలు గలది. అందుచేత బజారులో దొరికే దానిలో ఎక్కువ భాగం రెసిన్ పట్టించి గట్టిపరచినదే. అది మోసం కాదు, కాని సహజమైన గట్టి రాయి ధర దానికి రాదు. పొడిని బంకతో దిమ్మకట్టినది ఇంకా దిగువ. రంగు వేసిన హౌలైట్ అసలు ఫిరోజాయే కాదు. అసిటోను తడిపిన దూదితో రుద్దితే రంగు అంటవచ్చు. అంటలేదంటే మాత్రం రాయి నిజమైనదని రుజువు కాదు. కాల్చిన సూది పరీక్ష సరకును పాడుచేస్తుంది కనుక యజమానిని అడగకుండా చేయరాదు. మరొక సంగతి: రాతి చుట్టూ కట్టిన వెండి గూటిలో, రాతి కింద రంపపు పొట్టు పెట్టడం పాత నగలలో వున్నది. పైనుంచి చూసి రాతి బరువు అంచనా కట్టినవారు అక్కడ తప్పుతారు.

గని పేరు కూడా ధరే. ఫిరోజా చాలా చోట్ల రాగి గనులలో వెంట వచ్చే సరకు. ఆరిజోనాలోని గ్లోబ్ వద్ద స్లీపింగ్ బ్యూటీ గనిలో 2012లో ఫిరోజా తీయడం ఆగిన తరువాత, ఆ మచ్చలేని ఆకాశనీలం రాయి ధర బాగా పెరిగింది. అప్పటినుంచి ఆ పేరుతో వచ్చే ప్రతి రాయీ ఆ గనిది కాదు. బిల్లులో గని పేరు, రెసిన్ పట్టించినదీ లేనిదీ రాయించుకోవాలి.

ఎగుమతిదారులకు ఒక మాట. 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం అక్కడి గుర్తింపు పొందిన తెగవారు చేయని నగను ‘ఇండియన్’ పనిగా అమ్మితే, తొలి నేరానికే వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, అయిదేళ్ల వరకు జైలు. జయపూరులో చేసిన నగ మన దృష్టిలో ఇండియనే కావచ్చు, ఆ చట్టానికి కాదు. ఆ బాణీలో చేసి అక్కడికి పంపే నగపై తయారైన దేశం పేరు చెరగకుండా చెక్కి గాని, ముద్ర కొట్టి గాని వుండాలని వారి కస్టమ్స్ నిబంధన. అంటించిన చీటీ చాలదు.