గుండెలయ చికిత్సానంతరము కలుగు చిక్కులు – కోలుకొను విధము
(పంచాయతీ సభ్యులకు పాఠము)

జిల్లాల నుండి గుండె చికిత్సకై హైదరాబాదునకు వచ్చు కుటుంబములు పంజగుట్టకు చేరువనున్న బోరబండ, ఎర్రగడ్డ, అమీర్‌పేట ప్రాంతములలో బంధువుల యిండ్ల యందు బస చేయుట కద్దు. పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ మొదట ఎముకల ఆసుపత్రిగా వెలసి, క్రమముగ పెరిగి, నేడు హృద్రోగములతో పాటు పెక్కు వ్యాధులకు చికిత్స చేయు పెద్ద సంస్థయైనది. చికిత్స ముగిసిన రెండు మూడు దినములకు రోగి బోరబండలోని బంధువులకు నమస్కరించి స్వగ్రామమునకు మరలును. అసలు జాగ్రత్త అవసరమగునది అప్పటినుండియే. ఆసుపత్రిలో గడుపు దినములు రెండో మూడో. కోలుకొను దినములు తొంబది. ఆ తొంబది దినములు రోగి మీ గ్రామమున, మీ కన్నుల యెదుట నుండును. కనుక ఈ విషయము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

గుండెలయ యన నేమి?

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 60 నుండి 100 పర్యాయములు కొట్టుకొనును. గుండె పై గదిలో నొకచోట పుట్టు స్వల్పమైన విద్యుత్తు, నరముల వంటి దారుల వెంట క్రిందికి ప్రసరించి గుండెను ముడుచుకొనజేయును. పొలమునకు నీరు పారు కాలువకు గండి పడినచో నీరు దారి తప్పినట్లే, ఈ విద్యుత్తు దారి తప్పినచో గుండె అతి వేగముగనో, క్రమము లేకయో కొట్టుకొనును. దడ, ఆయాసము, కన్నులు తిరుగుట దీని గుర్తులు. బాల్యమున వచ్చిన కీళ్ళవాత జ్వరముచే గుండె కవాటములు చెడినవారికిని ఈ లయదోషము తరచుగా కలుగును.

మందులతో లొంగనిచో వైద్యులు గజ్జలోని రక్తనాళము గుండా సన్నని తీగవంటి కాథెటరును గుండె వరకు పంపి, దారి తప్పిన విద్యుత్తు పుట్టుచోటును వేడితోగాని చలితోగాని కాల్చి మాన్పుదురు. దీనినే అబ్లేషన్ అందురు. గుండె మరీ నెమ్మదించినవారికి పేస్‌మేకరను యంత్రమును చర్మము క్రింద అమర్చుదురు. అబ్లేషన్ వలన ఒక్కొక్కప్పుడు సహజమైన విద్యుత్ దారియే దెబ్బతిని, పేస్‌మేకరు అవసరమగుటయు కలదు.

కలుగు చిక్కులు

ఇది సామాన్యముగా క్షేమమైన చికిత్సయే. అయినను చిక్కులు లేవనరాదు. వానిని ముందుగా నెఱిగినవాడు భయపడడు. ఎఱుగనివాడు ఆలస్యము చేయును. ప్రాణము తీయునది తరచుగా ఆ ఆలస్యమే.

మొదటి వారము: గజ్జలో సూది గుచ్చినచోట కొద్దిగ కమిలి నల్లబడుట సహజము. వాపు పెరుగుచున్నను, నెత్తురు కారుచున్నను రోగిని వెల్లకిల పరుండబెట్టి, గాయముపై అరచేతితో 10 నిమిషములు ఎడతెగక గట్టిగ అదిమి పట్టవలెను. అప్పటికిని ఆగనిచో 108 ను పిలువవలెను. ఒక వారము వరకు బరువులెత్తుట, నీటి బిందెలు మోయుట, నాగలి పట్టుట, సైకిలు త్రొక్కుట మానవలెను.

గుండె చుట్టునున్న పొరలో నెత్తురు చేరుట మరియొక చిక్కు. ఇది చాలవరకు ఆసుపత్రిలోనే బయటపడును. అరుదుగ కొన్ని దినముల పిమ్మట రావచ్చును. తీవ్రమైన ఆయాసము, మూర్ఛ, చెమటలు దీని గుర్తులు.

రెండవ వారము నుండి రెండు నెలల వరకు: గుండె పై గది యొక్క వెనుకభాగమును కాల్చినవారికి, ఆ వేడి గుండె వెనుకనున్న అన్నవాహికకు సోకి పుండై, రంధ్రము పడవచ్చును. ఇది మిక్కిలి అరుదు. వేయిమందిలో ఒకరికంటె తక్కువమందికి కలుగును. కాని కలిగినచో ప్రాణాపాయము. జ్వరము, చలి, మింగునప్పుడు నొప్పి, ఛాతీ నొప్పి, నెత్తురు కక్కుట, కాలుసేయి పడిపోవుట దీని గుర్తులు. మూడవ వారమున వచ్చిన జ్వరమును గ్రామమున మామూలు జ్వరమని తలచి సూదిమందు వేయించి ఊరకుండుట ఇక్కడనే ప్రమాదము. అట్టివారిని వెంటనే చికిత్స చేసిన ఆసుపత్రికి చేర్చవలెను. అబ్లేషన్ జరిగినదని ప్రతి వైద్యునికిని ముందుగ చెప్పవలెను. ఏలయన, అట్టి అనుమానమున్నప్పుడు నోటిగుండా గొట్టము వేసి చూచుట ప్రమాదకరము. ఛాతీకి సీటీ స్కాను తీయవలసియుండును.

కొన్ని నెలలకు ఆయాసము, వదలని దగ్గు, కళ్ళెలో నెత్తురు కనబడినచో క్షయ పరీక్ష చేయించుట మంచిదే. అయితే ఊపిరితిత్తుల నుండి గుండెకు వచ్చు సిరలు ఇరుకుపడినను ఇవే గుర్తులు కలుగును. కనుక హృద్రోగ వైద్యునికి కూడ చూపవలెను.

మందుల విషయము

అబ్లేషన్ తరువాత కనీసము రెండు నెలలు రక్తము గడ్డకట్టకుండ చేయు మందు వాడవలసియుండును. బాగుగనున్నదని దానిని మానినచో గడ్డ ఏర్పడి మెదడునకు పోయి పక్షవాతము రావచ్చును. మూతి వంకరపోయినను, ఒక చేయి లేవకున్నను, మాట తడబడినను ఒక్క నిమిషమైన జాగుచేయరాదు. ఈ మందు వాడువారు వైద్యుని అడుగక నొప్పి బిళ్ళలు మ్రింగరాదు. కండలోనికి సూదిమందు వేయించుకొనరాదు. వార్ఫరిన్ వాడువారు నియమిత కాలమున రక్తపరీక్ష చేయించుకొనుచు, ఆకుకూరలను ఒకదినము అధికముగ, ఒకదినము బొత్తిగ లేకుండ గాక, ఎప్పుడును ఒకే మోతాదున తినవలెను.

మొదటి మూడు నెలలలో దడ మరల కనిపించుట కలదు. గుండెలోని గాయము మానుచున్నప్పుడు ఇట్లగును. చికిత్స విఫలమైనదని అధైర్యపడరాదు. వైద్యునికి తెలిపిన చాలును.

ధైర్యము చెప్పు ఉదాహరణము

1958 అక్టోబరు 8 న స్వీడను దేశమున ఆర్నె లార్సన్ అను నాతనికి ప్రపంచమున మొట్టమొదటగా శరీరములోపల పేస్‌మేకరును అమర్చిరి. అది కొన్ని గంటలకే చెడిపోయెను. వైద్యులు వెనుదీయక మరియొకటి అమర్చిరి. పిమ్మట జీవితకాలమున ఆయనకు ఇరువదికి పైగా యంత్రములు మార్చవలసివచ్చినది. అయినను ఆయన 2001 వరకు, 86 ఏండ్లు జీవించి, తనకు శస్త్రచికిత్స చేసిన వైద్యునికంటెను, యంత్రమును నిర్మించిన ఇంజనీరుకంటెను ఎక్కువకాలము బ్రతికెను. చిక్కు వచ్చుట అంతము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. చికిత్స పొంది వచ్చిన కుటుంబమును పలుకరించి, ఆసుపత్రి వారిచ్చిన డిశ్చార్జి పత్రమును, మందుల చీటిని ఒకచోట భద్రపరచుమని చెప్పవలెను.

2. రోగి అనుమతితో ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎమ్‌కు విషయము తెలిపి, పై ప్రమాద చిహ్నములను వారికి గుర్తుచేయవలెను. రోగి సంగతి ఊరంతయు చాటనక్కరలేదు.

3. రాత్రివేళ 108 వాహనము రోగి యింటివరకు వచ్చుటకు దారి, వీధిదీపము సరిగానున్నవో లేదో చూడవలెను.

4. ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స పొందినవారు తదుపరి పరీక్షలకు గల సదుపాయమును ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనునట్లు ప్రోత్సహించవలెను.

5. చిక్కులు ఎదుర్కొనినవారు దేహముతో పాటు మనస్సునను క్రుంగుదురు. ప్రతి గుండెచప్పుడునకు భయపడుచు, పనికి పోలేకున్నానని దిగులుపడుదురు. వారిని సోమరులని నిందింపక, తేలికైన పని నుండి క్రమముగ అలవాటు పడుటకు తోడ్పడవలెను.

చర్చించుటకు ప్రశ్నలు

మన గ్రామమున రక్తము గడ్డకట్టకుండ చేయు మందు వాడువారికి రక్తపరీక్ష దగ్గరలో ఎచ్చట జరుగును? అర్ధరాత్రి ఒకనికి కాలుసేయి పడిపోయినచో మొదట ఎవరిని పిలువవలెను? చికిత్స జరిగిన మూడవ వారమున జ్వరము వచ్చినచో ఏమి చేయవలెను? తదుపరి సమావేశమున ఈ మూడింటికిని సమాధానములు సిద్ధపరచుకొన్న గ్రామమున, అట్టి రోగికి అమూల్యమైన కాలము వృథా కాదు.