ఉప్పల్, నాచారం దినచర్యలో ధ్యానసాధన

హైదరాబాద్‌లోని ఉప్పల్ కూడలి వద్ద వరంగల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్, అంబర్‌పేట దిక్కులకు పోయే దారులు కలుస్తాయి కాబట్టి అక్కడ వాహనాల మోత రాత్రి పొద్దుపోయినా పూర్తిగా సద్దుమణగదు. పక్కనే ఉన్న నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీలు చేసేవారికి రాత్రీ పగలూ తారుమారవుతుంటాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మొదలైన మెట్రో 2019లో రాయదుర్గం చేరాక, నగరానికి ఈ కొసన ఇల్లు, ఆ కొసన ఉద్యోగం ఉన్నవారికి ప్రయాణం సులువైంది గాని దినం పొడవు తగ్గలేదు. ఇంటికి చేరి కుర్చీలో వాలినా దవడలు బిగుసుకొనే ఉండటం, భుజాలు సడలకపోవడం, ఫోను పక్కన పెట్టలేకపోవడం ఇటువంటి జీవితంలో సర్వసాధారణం. పని ఆగగానే విశ్రాంతి దానంతట అదే వస్తుందని గట్టిగా నమ్మడం వల్ల, దానిని ఈత లాగా సాధనతో పట్టుబడే విద్యగా చాలామంది గుర్తించరు.

మన ప్రమేయం లేకుండా గుండెను, శ్వాసను, జీర్ణక్రియను నడిపించే స్వయంచోదిత నాడీవ్యవస్థలో రెండు ప్రధాన భాగాలున్నాయి. ఆపద ఎదురైనప్పుడు గుండె వేగాన్ని పెంచి, కండరాలను బిగించి, దేహాన్ని పోరాటానికో పరుగుకో సిద్ధం చేసేది సహానుభూత వ్యవస్థ. ఆపద తొలగాక దేహాన్ని తిరిగి నెమ్మదింపజేసేది పరసహానుభూత వ్యవస్థ. పులి ఎదురైనా, పై అధికారి సందేశం వచ్చినా మొదటిది మేల్కొంటుంది, కాని పులి వెళ్లిపోతుంది, సందేశాలు మాత్రం ఆగవు. శ్వాసను నిదానంగా, దీర్ఘంగా వదిలినప్పుడు ఈ రెండో వ్యవస్థకు చెందిన వేగస్ నాడి ద్వారా గుండె వేగం కొంత తగ్గుతుంది కనుక, అసంకల్పితంగా నడిచే ఈ యంత్రాంగంలో మనిషి చేతికి అందే పిడి శ్వాస ఒక్కటే అనవచ్చు.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో ప్రచురించిన గ్రంథంలో, ఒక్కొక్క కండరాన్ని కావాలని బిగించి, ఆ బిగువును గమనించి, ఆపై వదిలే పద్ధతిని వివరించాడు. బిగువు ఎక్కడుందో తెలియనివారికి దానిని వదలడం కూడా తెలియదన్న గ్రహింపు అందులోని సారం. ధ్యానానికి కూర్చునే ముందు ఐదు నిమిషాలు ఈ పని చేయడం ఎంతో మేలు. దేహం సడలకుండా మనసును నిలపబూనితే, అది మరొక కొత్త శ్రమగా మారుతుంది.

ధ్యానాన్ని క్రమబద్ధంగా నేర్చుకోదలచిన ఉప్పల్ వాసులకు, వనస్థలిపురం దాటి నాగార్జునసాగర్ దారిలో ఉన్న ధమ్మఖేత్త ధ్యానకేంద్రం దూరమేమీ కాదు. 1976లో మొదలైన ఈ కేంద్రం దేశంలోని తొలి విపశ్యన ధ్యాన కేంద్రాలలో ఒకటి. మాండలేలో పుట్టి, వ్యాపారిగా ఉంటూ, తీవ్రమైన తలనొప్పి బాధతో సయాజీ ఊ బా ఖిన్‌ను ఆశ్రయించి ఈ విద్య నేర్చిన సత్యనారాయణ గోయెంకా 1969లో దానిని భారతదేశానికి తెచ్చారు. పది రోజుల శిబిరంలో సాధకులు మౌనం పాటిస్తారు, ఫోను అప్పగిస్తారు, మొదట ఆనాపాన, అంటే ముక్కు దగ్గర సహజంగా వచ్చిపోయే శ్వాసను గమనించడం, తర్వాత దేహమంతటా కలిగే సంవేదనలను ఇష్టాయిష్టాలు లేకుండా పరిశీలించడం నేర్చుకుంటారు. రుసుము ఉండదు, ఇదివరకు శిబిరం పూర్తిచేసినవారి విరాళాలతోనే ఖర్చు గడుస్తుంది.

అసలు పరీక్ష పదకొండో రోజున ఇంటి గడప దగ్గర మొదలవుతుంది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోవాలన్నది ఆ సంప్రదాయం చెప్పే నియమం. రెండు గదుల ఇంట్లో, పిల్లల బడి వేళకు, టీవీ మోత నడుమ ఆ నియమం కొద్ది వారాలకే జారిపోవడం, దానితో పాటు సాధన మొత్తంగా ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. గంట కుదరనినాడు పావుగంటయినా కూర్చోవడం, గంట కోసం ఎదురుచూస్తూ మానేయడం కన్నా నిస్సందేహంగా మేలు. పతంజలి సైతం అభ్యాసం స్థిరపడటానికి దీర్ఘకాలాన్ని, ఎడతెగనితనాన్ని, ఆదరాన్ని కోరాడే గాని ఒక పూటలో చేసే పరిమాణాన్ని కోరలేదు. రాత్రి షిఫ్టువారు గడియారం చూడకుండా, ఎప్పుడు లేస్తే అప్పుడు, లేవగానే కూర్చోవాలి. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రాత్రి హారన్లు ఆగాలని ఆశించడం వృథా. శబ్దం విని, చిరాకు పుట్టడం గమనించి, తిరిగి శ్వాస వద్దకు రావడం కూడా సాధనే. మనసు ఎన్నిసార్లు పారిపోయిందన్న లెక్క అనవసరం, తిరిగి వచ్చిన ప్రతిసారీ సాధన జరిగినట్టే.

ధ్యానం సర్వరోగ నివారిణి అన్న ప్రచారాన్ని నమ్మనక్కరలేదు. 47 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మందిని పరిశీలించి 2014లో అమెరికాలో వెలువడిన ఒక వైద్య సమీక్ష, ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ధ్యానం ఒక మోస్తరు మేలు చేస్తుందని తేల్చింది. వ్యాయామం, మందులు వంటి వాటికన్నా మెరుగన్న ఆధారం మాత్రం దానికి దొరకలేదు. ఈ పరిమితమైన మేలు కూడా విలువైనదే, ఎందుకంటే ధ్యానానికి ఖర్చు లేదు, చోటు అక్కరలేదు. రక్తపోటుకో మానసిక వ్యాధికో మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాటిని ఆపకూడదు. కళ్లు మూసుకొని కూర్చున్న కొద్దీ భయం, దిగులు పెరుగుతుంటే పంతానికి పోక ధ్యానం ఆపి సహాయం కోరాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.