డబ్బాలో నిమ్మచెట్టు

శేరిగూడ ఇబ్రహీంపట్నం పక్కనే ఉంది. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీది ఊరు. ఒకప్పుడు చుట్టూ చెలకలే. తర్వాత కాలేజీలు వచ్చాయి. చెలకలు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు చాలా ఇళ్ళకు పెరడు లేదు. ముందర గచ్చు, పైన డాబా. అంతే.

నిమ్మకాయ మాత్రం అందరికీ కావాలి. 2022 ఏప్రిల్‌లో ఒక్క కాయ పది రూపాయలు పలికింది. కొనేవాళ్ళు ధర అడిగి వెనక్కి పెట్టేశారు.

దిష్టి తీయడానికి ఒక కాయ. గుమ్మానికి ఒక కాయ. కొత్త బండి చక్రాల కింద నాలుగు కాయలు. తోటకూరలో పిండడానికి మాత్రం చేయి రాదు! ఆడవాళ్ళకు నిమ్మకాయతో అసలు పని అక్కడే ఉంది.

ఒంట్లో రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉంటుంది. కానీ అది ఒంటికి సులువుగా పట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ దాన్ని పట్టేలా చేస్తుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్ళే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ సంగతి తేలింది.

పొయ్యి మీద ఉన్నప్పుడు పిండితే సి విటమిన్ చాలావరకు పోతుంది. కంచంలో పిండుకోవాలి. అన్నం తినగానే చాయ్ తాగొద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. రక్తం మరీ తక్కువైతే నిమ్మకాయ ఒక్కటే చాలదు. దవాఖానలో చూపించుకుని ఐరన్ మాత్రలు వేసుకోవాలి.

ఇంత పని చేసే కాయ ఇంట్లోనే కాస్తే మంచిదే కదా! పెరడు లేకపోయినా కాస్తుంది. మూరెడు లోతు, మూరెడు వెడల్పు ఉన్న తొట్టి చాలు. ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోస్తే రెండు తొట్లు అవుతాయి. మందులు పోసిన డ్రమ్ము మాత్రం వాడొద్దు. అడుగున వేలు పట్టేంత చిల్లులు ఐదారు పెట్టాలి. చిల్లుల మీద పెంకులు పరచాలి. తొట్టి కింద రెండు ఇటుకలు పెట్టాలి. అప్పుడే నీళ్ళు కిందికి జారిపోతాయి.

మట్టి దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువు ఉంది. చెరువు పూడిక మట్టి బలమైనది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు అలాంటి మట్టినే పొలాలకు తోలుకున్నారు. పొలానికి అది మంచిదే. తొట్టిలో ఒట్టి పూడిక మట్టే నింపితే మాత్రం అది నీళ్ళు పట్టి బిగుసుకుపోతుంది. వేళ్ళకు గాలి ఆడదు. ఎర్ర చెలక మట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపాలి. గుప్పెడు వేపపిండి వేయాలి.

గింజ వేస్తే కాయడానికి ఐదారేళ్ళు పడుతుంది. అంటు మొక్క అయితే రెండు మూడేళ్ళకే కాస్తుంది. నర్సరీలో ‘బాలాజీ’ రకం అడగండి. దీన్ని తిరుపతి పరిశోధన కేంద్రంలో తయారు చేశారు. దీనికి గజ్జి తెగులు తక్కువ. తొట్టిని రోజుకు ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టాలి.

ఒక ఇంట్లో కోడలు పొద్దున, సాయంత్రం బిందెడు నీళ్ళు పోసేది. అయినా ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి.

“అత్తమ్మా, ఇన్ని నీళ్ళు పోస్తున్న. అయినా ఎండిపోతున్నది.”

“ఎండుత లేదు బిడ్డా, కుళ్ళుతున్నది. మట్టిల వేలు పెట్టి చూడు.”

వేలు పెడితే బురద! చిల్లులు మూసుకుపోయాయి. సీకుతో చిల్లులు పొడిచారు. వారం రోజులు నీళ్ళు ఆపారు. నెలకు కొత్త చిగురు వచ్చింది.

మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు పెట్టాలి. తడి తగిలితే నీళ్ళు పోయొద్దు. పొడిగా ఉంటే కింది నుంచి కారేదాకా పోయాలి. మే నెల ఎండల్లో రోజూ పోయాల్సి రావచ్చు. వానాకాలంలో అసలు అక్కర ఉండకపోవచ్చు. సబ్బు నీళ్ళు వద్దు. బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది. అలాంటి చోట వాన నీళ్ళు పట్టి పోస్తే మేలు.

చిగురాకుల మీద పిట్ట రెట్ట లాంటిది కనబడితే దగ్గరికి పోయి చూడాలి. అది కదిలితే పురుగే. సీతాకోకచిలుక పిల్ల అది. చేత్తో ఏరేయాలి. ఆకు మీద పాము పాకినట్టు తెల్ల గీతలుంటే లీటరు నీళ్ళలో చెంచాడు వేపనూనె, కొంచెం సబ్బు నురగ కలిపి చల్లాలి.

మొదటి ఏడు వచ్చిన పూత తుంచేయాలి. మనసొప్పదు, కానీ చెట్టు బలపడుతుంది. రెండు నెలలకోసారి రెండు దోసిళ్ళ ఎరువు వేయాలి. పూత నుంచి కాయ కోతకు ఐదారు నెలలు పడుతుంది.

లెక్క చేయండి: ఒక ఇంట్లో వారానికి నాలుగు నిమ్మకాయలు వాడతారు. కాయ ఐదు రూపాయలు. ఏడాదికి 52 వారాలు. ఖర్చు ఎంత?

రాయండి: మీ ఇంట్లో ఎండ ఎక్కడ పడుతుంది? ఏ డబ్బా ఖాళీగా ఉంది?