చెయ్యి ఆపితేనే పూసింది

ఆళ్లగడ్డలో మా పుట్టిల్లు చౌడుమట్టి మిద్దె. స్నానాల నీళ్లు పోయే కాలువ పక్కన మల్లెపొద, బావి దగ్గర కనకాంబరాలు, గొడ్లపాక వెనక చామంతులు ఉండేవి. వాటిని పెంచుతున్నామని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అవే పెరిగేవి, పూసేవి, సాయంత్రానికి మా జడల్లోకి వచ్చేవి.

పెళ్లయి నంద్యాల వచ్చాక చాలా ఏళ్లు అద్దె ఇళ్లలోనే గడిచాయి. చివరికి సొంత ఇల్లు కట్టుకుంటే మిద్దె దొరికింది గానీ పెరడు దొరకలేదు. పదిహేడేళ్లుగా ఆ మిద్దె మీదే నా పూలతోట. ఇప్పుడు అరవై తొట్లు ఉన్నాయి. మొదటి మూడేళ్లలో పూసినవాటికంటే చచ్చినవే ఎక్కువ. నేను పట్టించుకోక చావలేదవి, అతిగా చూసుకోబట్టి చచ్చాయి. 2022లో జిల్లా కేంద్రమయ్యాక ఊళ్లో అపార్టుమెంట్లు పెరిగాయి. బాల్కనీలో నాలుగు తొట్లు పెట్టుకున్న పిల్లలు వచ్చి, "జేజీ, మా మొక్క ఎందుకు పూయదు?" అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. నల్లరేగడిని తొట్టికి తేవద్దు

మన చుట్టూ ఉన్నది పత్తి పండే నేల. 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, నరసింహ పత్తి రకం అక్కడిదే. అలాంటి మట్టి ఉండగా వేరే మట్టి కొనడం ఎందుకని నేనూ చేను మట్టే తెప్పించి తొట్లు నింపాను. చేలో ఆ మట్టి ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి, తొలకరికి కడుపునిండా తాగుతుంది. తొట్టిలో అలా కుదరదు. ఎండితే అంచుల నుంచి ముడుచుకుంటుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగున బయటికి పోతాయి. మొక్క తాగిందనుకుంటాం, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. తడిస్తే పిండిముద్దలా బిగిసి వేరుకు గాలి ఆడనివ్వదు.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వంక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, తొట్టికి గుప్పెడు వేపపిండి. నా కొలత ఇదే. ఇంకో మాట. తడిసిన మట్టి ఒక ఘనపుటడుగు 50 కిలోల దాకా తూగుతుంది. పెద్ద తొట్లను మిద్దె నడుమ పెట్టకండి, కింద గోడలూ దూలాలూ ఉన్న చోట పెట్టండి.

2. పోసే నీళ్లకంటే పోయే దారి ముఖ్యం

మహానంది కోనేరు చూడనివాళ్లు మనలో ఉండరు. అడుగున పడిన రూపాయి బిళ్ల కనబడేంత తేట. ఊరే నీళ్లు ఊరుతూనే ఉంటాయి, పోయేవి పోతూనే ఉంటాయి, చుట్టుపక్కల తోటలు తడుస్తాయి. నీళ్లు నిలవవు కాబట్టే ఆ తేట. 2019 సెప్టెంబరు వానలకు ఆ గుడినే వరద ముంచెత్తింది. సరిగ్గా ఆ వారమే మా మిద్దె మీద పద్నాలుగు తొట్లు నీళ్లు నిలిచి కుళ్లిపోయాయి. అడుగు రంధ్రాలకు మట్టి అడ్డం పడితే నేను చూసుకోలేదు. చామంతి నారంతా పోయింది.

ఆనాటి నుంచి తొలకరికి ముందు ప్రతి తొట్టినీ వంచి, రంధ్రంలో పుల్ల పెట్టి కెలుకుతాను. కొత్తగా నింపే తొట్టికైతే రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి, ఆ పైన మట్టి పోస్తాను. తొట్టి నేలకు ఆనకుండా కింద మూడు ఇటుక ముక్కలు పెడతాను. రోజూ నీళ్లు పోసే ముందు రెండు గణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే చెంబు దించేయండి.

3. కాగితపు పూలకు దాహం వేయనివ్వండి

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. మనం పూలనుకునే ఆ గులాబి, నారింజ, తెలుపు రంగులు నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి నడుమ చిన్న తెల్లని చుక్కలా ఉంటుంది. రోజూ నీళ్లు పోసి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు కూడా పోస్తే నాకు రెండేళ్లు పచ్చని తీగే పెరిగింది, రంగు రాలేదు. ఒక వేసవిలో ఊరికి వెళ్లి ఎనిమిది రోజులు నీళ్లు పోయలేదు. తిరిగొచ్చేసరికి ఆకు వాడింది. ఇక పోయిందనుకుని నీళ్లు పోశాను. మూడు వారాలకు కొమ్మ కొమ్మకూ రంగు వచ్చింది. ఇప్పుడు ఆకు కాస్త వాలేదాకా ఆగి, అప్పుడే నిండా పోస్తాను.

4. మల్లెకు చలికాలం పస్తు పెట్టండి

నేను అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ, అన్నిటికంటే గట్టిగా నమ్మేదీ ఈ పాఠం. మా పుట్టింటి మల్లెకు చలికాలంలో నీళ్లు తక్కువగా అందేవి. పుష్యమాసంలో ఏదో ఒక రోజు మా అబ్బ కొడవలి తీసుకుని పొదను మోకాలెత్తుకు కోసేసేవాడు. నేను ఏడ్చేదాన్ని. నంద్యాలలో నా మల్లెను నేను అలా ఏడిపించకూడదనుకున్నాను. ఏడాది పొడుగునా నీళ్లిచ్చాను, ఒక్క కొమ్మా కోయలేదు. గుబురుగా పెరిగింది, ఉగాదికి పది మొగ్గలిచ్చింది.

గుండుమల్లెకు డిసెంబరులో నీళ్లు తగ్గించాలి. ఆకు రంగు మారుతుంది, కొన్ని రాలతాయి. బెంగపడొద్దు. జనవరిలో జానెడున్నర, రెండు జానల ఎత్తు ఉంచి కొమ్మలు కత్తిరించండి. మిగిలిన ఆకు దూసేయండి. పైమట్టి గుల్ల చేసి, రెండు గుప్పిళ్ల ఎరువు కలిపి, అప్పుడు నీళ్లు పోయండి. కొత్త చిగురు చివరే మల్లె మొగ్గ వేస్తుంది. పాత కొమ్మను కాపాడుకుంటూ కూర్చుంటే ఆ చిగురు ఎక్కడి నుంచి వస్తుంది? మార్చి నుంచి మే దాకా రోజూ సాయంత్రం నా కొంగు నిండుతోందంటే, జనవరిలో కోసిన ఆ కోత వల్లే.

5. చామంతికి చీకటి కావాలి

ఒక ఏడు మా అబ్బాయి మెట్ల మీద రాత్రంతా వెలిగే లైటు పెట్టించాడు. దాని కింద రెండు చామంతి తొట్లు ఉన్నాయి. అదే నారు, అదే మట్టి, అదే చెయ్యి. పది అడుగుల అవతల ఉన్నవి డిసెంబరుకు పసుపుతో నిండిపోతే, ఇవి సంక్రాంతికి కూడా ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎరువు తక్కువైందని ఇంకా వేశాను, ఆకే పెరిగింది. వ్యవసాయం చదివిన మా తమ్ముడు వచ్చి చూసి, "అక్కా, చామంతి రాత్రి పొడుగును బట్టి మొగ్గ వేస్తుంది. లైటు వేస్తే దానికి ఇంకా పొద్దు గూకనట్టే" అన్నాడు. ఆ తొట్లను లైటుకు దూరంగా జరిపాను, వెనకబడినా పూశాయి. వీధిలైటు పడే బాల్కనీలో చామంతి పూయకపోతే ముందు అది చూసుకోండి.

6. కోయడానికి జంకవద్దు

ఆళ్లగడ్డలో శిల్పుల ఉలి చప్పుడు వింటూ పెరిగాను. రాయికి వాళ్లు ఏమీ కలపరు, అక్కర్లేనిది తీసేస్తారు. రాయికి తీసింది మళ్లీ రాదు గనక వాళ్లది గుండెధైర్యం. మొక్కకు తీసింది మళ్లీ వస్తుంది, మనకు భయమెందుకు?

చామంతి, బంతి జానెడు ఎదగగానే తల గిల్లండి. ఒక్క కొమ్మ నాలుగవుతుంది. చామంతికి మాత్రం వినాయక చవితి దాటాక గిల్లడం మానండి, అప్పటికి మొగ్గకు సిద్ధమవుతుంది. గులాబీని దసరా, దీపావళి మధ్య కత్తిరించండి. బయటికి చూసే కన్నుకు కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. అంటు కింద నుంచి వేరే తీరు ఆకుతో కొమ్మ లేస్తే అది అడవి గులాబీ. మొదట్లోనే పీకేయండి, లేకపోతే అంటును మింగేస్తుంది.

7. రోహిణి కార్తెతో పోట్లాడొద్దు

నంద్యాల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులు చూశాం. సిమెంటు మిద్దె రాత్రి కూడా సెగలు కక్కుతుంది. ఏప్రిల్ రాగానే కనకాంబరం, గులాబి, మందారం తొట్లను తూర్పు గోడ నీడకు చేర్చి, పైన ఆకుపచ్చ నెట్ కడతాను. తొట్టి మట్టి మీద వేరుశనగ పొట్టు రెండు వేళ్ల మందం పరుస్తాను. బేతంచెర్ల నాపరాళ్ల మీద నేరుగా తొట్టి పెట్టను, మధ్యాహ్నానికి ఆ రాయి పెనంలా కాలుతుంది. నీళ్లు పొద్దున్నే, సూర్యుడు రాకముందే.

ఎండలో పూసేవాటిని ఎండకే వదిలేయండి. నాచుపూలు పొద్దెక్కితేనే విచ్చుకుంటాయి, బిళ్లగన్నేరుకు ఎండంటే లెక్కే లేదు. ఎరుపు, పసుపు, ఊదా కావాలంటే వేసవిలో వీటి దగ్గరికే వెళ్లాలి.

8. పురుగుకంటే ముందు చీమను చూడండి

మందారం కొమ్మ మీద తెల్లని పిండిలాంటిది కనబడితే అది పిండినల్లి. మందు కొట్టినా వారానికే మళ్లీ వచ్చేది. చీమల బారు ఎక్కడి నుంచి వస్తోందో చూశాక అర్థమైంది. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కొత్త కొమ్మకు మోస్తాయి. ముందు చీమల దారి తెంపండి. గొట్టం నీళ్లు గట్టిగా కొట్టి కొమ్మ కడగండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

9. అన్ని రంగులూ ఒకే రోజు కోరుకోకండి

నర్సరీలో పూసి ఉన్నవన్నీ ఒకేసారి తెచ్చుకుంటే నెలకే మిద్దె వెలవెలపోతుంది. ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పెట్టుకోవాలి. వేసవికి మల్లె, కాగితపు పూలు, వానలకు నందివర్ధనం, కనకాంబరం, మందారం, చలికి చామంతి, గులాబి, డిసెంబరాలు. సంక్రాంతి దాటాక అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతాడు. మా పుట్టింటి వైపు వచ్చే రోజుకు బంతిపూల మాల నా మిద్దె నుంచే పోవాలని నా పట్టు. బంతి విత్తనం వేసిన రెండు నెలలకు పూస్తుంది. అందుకే నవంబరు మొదట్లో ఒక విడత, పదిహేను రోజులకు మరో విడత చల్లుతాను.

10. అన్నీ కోసేయకండి

బంతిలో అన్నిటికంటే పెద్ద పువ్వును కోయను. ఎండనిచ్చి విత్తనం తీస్తాను. విత్తనం కట్టే కనకాంబరం వెన్నులు కొన్నిటినీ చెట్టుకే వదిలేస్తాను. మా మనవరాలికి ఐదేళ్లప్పుడు ఎండిన వెన్ను మీద నీటి చుక్క వేసి చూపించాను. కాయ టక్కున పగిలి గింజలు ఎగిరి పడ్డాయి. తర్వాతి వానలకు పక్క తొట్లో, గోడ మూలన, నేను పెట్టని చోటల్లా కనకాంబరం మొలకలు వచ్చాయి.

ఇప్పుడు తను పెద్దదైంది. మొన్న జనవరిలో నా మోకాళ్లు సహకరించక మల్లెకోత తనకే అప్పజెప్పాను. రెండు కొమ్మలు కోసి ఆగిపోయింది. "జేజీ, దీనికి నొప్పి పుట్టదా?" అంది. మా అబ్బను నేనడిగిన మాటే. "ఉగాదికి అదే చెబుతుంది, కోయి తల్లీ" అన్నాను. ఈ ఉగాది నాడు పొద్దున్నే మిద్దె ఎక్కి, మొగ్గలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూరు దాటాక లెక్క వదిలేసి నన్ను కేకేసింది.